అప్పుడప్పుడూ డిలీట్ కాని ఫోల్డర్: ఒంగోలు సర్వర్ మీద నా అనుభవం

మేం చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ స్లాబులకు ఫొటో కేటలాగ్ నడుపుతాం. ఆఫీసు ఒంగోల్లో, కర్నూలు రోడ్డులో. స్లాబు కోసి పాలిష్ పట్టాక యూనిట్లో దాన్ని నిలబెట్టి ఫొటో తీస్తారు. మూల మీద చాక్‌పీసుతో రాసిన నంబరు, కొలతలు కలిపి మాకు పంపుతారు. నల్లరాయిలో ఆ బంగారు చుక్కలు ఒక స్లాబులో ఉన్నట్టు ఇంకో స్లాబులో ఉండవు. అందుకని కొనేవాడు ఫొటో చూడందే మాట ఇవ్వడు. ఒక బ్లాకులో కోసిన స్లాబులన్నీ ఒక లాటు, లాటుకొక ఫోల్డర్. సరుకు కంటైనర్ ఎక్కిందని యార్డువాళ్లు టిక్కు పెడితే ఆ ఫోల్డర్‌తో పని అయిపోయినట్టే. ఒరిజినల్ ఫొటోలు బయట బ్యాకప్‌కి పోతాయి, రాత్రి రెండింటికి క్రాన్ (పెట్టిన టైముకి పనులు నడిపేది) లేచి ఫోల్డర్‌ని తుడిచేస్తుంది.

తుడిచేయాలి. చాలా రోజులు తుడిచేది కూడా. ఎప్పుడో ఒక రాత్రి మాత్రం తుడిచేది కాదు.

ఈ సంగతి నాకు మొదట సర్వర్ చెప్పలేదు, యార్డు సూపర్‌వైజర్ బాబాయ్ చెప్పాడు. "అబ్బాయ్, లోడ్ చేసి పంపించేసిన లాటు మళ్లా లిస్టులో కనపడతా ఉందేంది? పార్టీ ఫోన్ చేసి ఆ రాయి ఉందా అంటున్నాడు. లేని రాయిని నేను యాడనించి తెచ్చేది?" అన్నాడు. మా కేటలాగ్ తీరు అట్టాంటిది. ఫోల్డర్ ఉంటే లాటు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఫోల్డర్ పేరు మిగిలిపోతే అమ్ముడుపోయిన రాయి కూడా అమ్మకానికి నిలబడుతుంది.

క్రాన్ పంపే మెయిళ్లు తవ్వితే కారణం ఒకే వాక్యంలో ఉంది. 'ఆర్‌ఎమ్: కెనాట్ రిమూవ్', ఆ తర్వాత ఫోల్డర్ పేరు, చివర 'డైరెక్టరీ నాట్ ఎంప్టీ'. కింద ఇంకేమీ లేదు. ఆర్‌ఎమ్ అంటే లినక్సులో డిలీట్ చేసే కమాండ్, ఫోల్డర్ ఖాళీగా లేదు కాబట్టి తీయలేనని దాని మాట. పొద్దున ఆ ఫోల్డర్‌లోకి పోయి చూస్తే ఖాళీ. లోపలున్నవి చూపించే ఎల్‌ఎస్ కొడితే ఏమీ రాదు, దాచిన ఫైళ్లు కూడా చూపించమన్నా ఒక చుక్క, రెండు చుక్కలు తప్ప ఏమీ లేవు. ఖాళీ ఫోల్డర్‌ని తీసే ఆర్‌ఎమ్‌డిర్ కొడితే ఒక్క దెబ్బకి పోయేది. రాత్రి ఖాళీగా లేదని మొరాయించిన ఫోల్డర్ పొద్దునకి ఎవరూ ముట్టుకోకుండానే ఖాళీ అయింది.

ఇట్టాంటి వాటికి తలా ఒక మాట చెబుతారు. డిస్కు పోయేటట్టుంది, దాన్ని చెక్ చేసే ఎఫ్‌ఎస్‌సీకే పెట్టు అన్నారు ఒకరు. రీబూట్ చేస్తే సర్దుకుంటుందన్నారు ఇంకొకరు. హైదరాబాదులో ఉండే ఫ్రెండు ఒకడు ఫోన్లో వినీ వినకముందే, "మామా, ఐదు సార్లు రీట్రై పెట్టు, మధ్యలో పది సెకన్లు స్లీప్ పెట్టు, మెసేజ్‌ని డెవ్‌నల్‌లో పొయ్యి, నిద్రపో" అన్నాడు. డెవ్‌నల్ అంటే ఏది పోసినా మాయమైపోయే గుంట. వాడి సలహాతో మెయిళ్లు ఆగిపోయేవి, అందులో అనుమానం లేదు. వాడి మాట వినుంటే ఏం జరిగి ఉండేదో ఇంకాస్త కింద చెబుతాను.

నేను మొదట ఎర్రర్ ఏ రకమో చూసుకున్నాను. లినక్సులో ఫోల్డర్ పోకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి, కానీ కర్నెల్ (లినక్సుకి గుండెకాయ) అన్నిటికీ ఒకే మాట చెప్పదు. పర్మిషన్ లేకపోతే 'పర్మిషన్ డినైడ్', నంబరు 13. ఛాట్‌ఆటర్‌తో ఎవరైనా ఫైలుకి కదలకుండా తాళం వేసి ఉంటే 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్', నంబరు 1. ఆ ఫోల్డర్ మీద ఇంకో డిస్కు మౌంట్ అయి ఉంటే 'డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ', నంబరు 16. డిస్కులో ఎర్రర్లు వచ్చి ఫైల్‌సిస్టమ్ తనంతట తాను చదవడానికి మాత్రమే అన్నట్టు మారిపోతే 'రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్', నంబరు 30. మాకు వచ్చింది 39, ఈ-నాట్-ఎంప్టీ. దాని అర్థం ఒకటే: ఆర్‌ఎమ్ ఫోల్డర్‌ని తీసేయమని అడిగిన క్షణాన అందులో ఏదో ఒకటి ఉంది. పర్మిషన్ల తంటా అయితే రోజూ రావాలి, ఒక రాత్రి వచ్చి ఒక రాత్రి మానదు. కాబట్టి పర్మిషన్లూ ఓనర్లూ మార్చే ఛ్‌మోడ్‌లూ ఛ్‌ఓన్‌లూ పక్కన పెట్టేశాను.

ఇంకో నమ్మకం కూడా పక్కన పెట్టాల్సి వచ్చింది. "ఎవరో ఆ ఫోల్డర్‌లోకి సీడీ కొట్టి కూర్చున్నార్లే, అందుకే పోవట్లేదు" అని మా వాళ్లు గట్టిగా అనేవాళ్లు. అది విండోస్ అలవాటు. లినక్సులో మీ షెల్ ఒక ఫోల్డర్ లోపల ఉండగానే దాన్ని వేరేవాళ్లు తీసేయొచ్చు. మీరు ఆ తర్వాత అందులో కొత్త ఫైలు చేయబోతే 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' వస్తుంది, అంతే.

ఇక ఆర్‌ఎమ్ పని ఎట్టా చేస్తుందో చూడాలి. మైనస్ ఆర్‌ఎఫ్ అని కొట్టగానే ఫోల్డర్ మొత్తం ఒకే దెబ్బకి మాయమవుతుందని చాలామంది అనుకుంటారు. కర్నెల్‌లో అట్టాంటి కాల్ (ప్రోగ్రాం కర్నెల్‌ని పని అడిగే తీరు) ఏదీ లేదు. ఆర్‌ఎమ్ ముందు ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయో జాబితా తెచ్చుకుంటుంది. దాని ప్రకారం ఒక్కో ఫైలునీ అన్‌లింక్ చేస్తుంది, అంటే ఫోల్డర్‌లోంచి దాని పేరు తీసేస్తుంది. అన్నీ అయ్యాక ఫోల్డర్‌ని తీసేయమని చివరి కాల్ వేస్తుంది. జాబితా తెచ్చుకున్నాక, చివరి కాల్ వేసేలోపు ఎవరైనా ఒక్క కొత్త ఫైలు అందులో పెట్టారా, చివరి కాల్ 39తో తిరిగొస్తుంది. అడుగున కూర్చుని బురద ఎత్తిపోస్తుంటే పైన రాయి కోసే గ్యాంగ్‌సా ఆపకుండా కోస్తున్నట్టు. మైనస్ ఎఫ్ పెట్టాం కదా, చచ్చినట్టు తీసేస్తుందిలే అనుకోవడానికి కూడా లేదు. అది చేసేవి రెండే పనులు: లేని ఫైలు గురించి గొణగదు, తీసేయమంటావా అని అడగదు.

ఇది ఎవరైనా తమ మెషిన్ మీదే చూడొచ్చు. ఒక టెర్మినల్‌లో ఒక ఫోల్డర్ చేసి, అందులో ఆగకుండా కొత్త ఫైళ్లు టచ్ చేసే లూపు ఒకటి తిప్పండి. ఇంకో టెర్మినల్‌లో అదే ఫోల్డర్ మీద ఆర్‌ఎమ్ మైనస్ ఆర్‌ఎఫ్ కొట్టండి. ఒకసారి పోతుంది, ఒకసారి పోదు. ప్రోగ్రాం వేసే కాల్స్ అన్నీ చూపించే ఎస్‌ట్రేస్ కింద పెట్టి కొడితే ఆర్‌ఎమ్ నెమ్మదిస్తుంది కాబట్టి, పోని సార్లు ఇంకా ఎక్కువవుతాయి. వరసగా అన్‌లింక్‌యాట్ కాల్స్ అన్నిటికీ సున్నా వస్తూ వస్తూ, చివరిదానికి మాత్రం మైనస్ ఒకటి, పక్కన ఈ-నాట్-ఎంప్టీ. అది చూశాక నాకు డిస్కు మీద అనుమానం పూర్తిగా పోయింది. ఇంకెవరో ఉన్నారు. ఎవరన్నదే తేలాలి.

పొద్దున్నే వచ్చి చూస్తే దొరకడు. జరిగిన క్షణంలోనే పట్టాలి. క్రాన్ స్క్రిప్టులో ఆర్‌ఎమ్ ఫెయిల్ అయితే వెంటనే నాలుగు పనులు చేసేట్టు రాశాను: సెకన్లతో సహా టైము, ఫోల్డర్‌లో దాచినవి కూడా కలిపి ఎల్‌ఎస్, ప్రతి ఫైలుకీ స్టాట్ (సైజు, ఓనర్ లాంటి వివరాలు), ఆ ఫోల్డర్ కింద ఏ ప్రాసెస్ ఏ ఫైలు తెరిచి పెట్టుకుందో చెప్పే ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ డి. ప్లస్ డి మామూలుగా పెద్ద ఫోల్డర్ల మీద చాలా టైము తీసుకుంటుంది. మా ఫోల్డర్ అప్పటికి దాదాపు ఖాళీ కాబట్టి ఇబ్బంది లేదు. ఇదంతా ఒక లాగ్‌లో పడేట్టు పెట్టి ఊరుకున్నాను. అప్పుడప్పుడూ వచ్చే రోగానికి ఎదురుచూడటమే పెద్ద పని. వారం గడిచినా రాదు, మనం మర్చిపోయిన రాత్రి వస్తుంది.

వచ్చింది. లాగ్‌లో ఫోల్డర్ ఖాళీగా లేదు. ఒకే ఒక ఫైలు ఉంది, పేరు చుక్కతో మొదలై ఎన్‌ఎఫ్‌ఎస్ అని, దాని వెనక సున్నాలూ అంకెలూ అక్షరాలూ కలగాపులగంగా పొడుగ్గా. సైజు చూస్తే పద్దెనిమిది ఎంబీ దాకా ఉంది. అంత సైజు మా దగ్గర ఒరిజినల్ ఫొటోలకి మాత్రమే ఉంటుంది. ఆ తర్వాత ఇంకోసారి దొరికినప్పుడు ఆ ఫైలుని టెంప్‌లోకి కాపీ చేసి, చివర జేపెగ్ తగిలించి తెరిచాను. స్లాబు ఫొటోనే. మూల మీద చాక్‌పీసు నంబరు, కింది అంచున ఇంకా ఆరని తడి, వెనకాల చెక్క స్టాండు. ఆర్‌ఎమ్ తీసేశానని చెప్పిన ఫైలు వేరే పేరుతో అక్కడే ఉంది.

ఇక్కడ మా సెటప్ చెప్పాలి. మొత్తం మూడు లినక్స్ పెట్టెలు. ఒకటి స్టోరేజి, డిస్కులన్నీ అందులో, ఎన్‌ఎఫ్‌ఎస్ (ఒక మెషిన్ డిస్కుని నెట్‌వర్క్ మీద వేరే మెషిన్లు వాడుకునే పద్ధతి) ద్వారా మిగతా రెండిటికీ పంచుతుంది. రెండోది ప్రాసెసింగ్ మెషిన్. ఫొటోలు దిగేదీ, బ్యాకప్‌కి అప్‌లోడ్ అయ్యేదీ, రాత్రి క్రాన్ నడిచేదీ దాని మీదే. మూడోది కేటలాగ్ చూపించే వెబ్ మెషిన్.

మామూలు లోకల్ డిస్కు మీద ఒక ప్రాసెస్ ఫైలు తెరిచి పెట్టుకుని ఉండగా ఇంకొకరు దాన్ని డిలీట్ చేస్తే ఏ గొడవా ఉండదు. పేరు పోతుంది, లోపలి సరుకు మాత్రం ఆ ప్రాసెస్ మూసేదాకా డిస్కు మీదే ఉంటుంది. ఫోల్డర్ తీసేయడానికి అది అడ్డు రాదు. పెద్ద లాగ్ ఫైలు డిలీట్ చేసినా డిస్కులో జాగా పెరగలేదని కంగారు పడేవాళ్లకి కారణం ఇదే.

ఎన్‌ఎఫ్‌ఎస్ దగ్గర ఈ సౌకర్యం అట్టాగే రాదు. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టినప్పటి నుంచి దాని పద్ధతి ఏమిటంటే, ఏ క్లయింటు (డిస్కు వాడుకునే మెషిన్) ఏ ఫైలు తెరిచి పెట్టుకుందో సర్వర్ (డిస్కు పంచే మెషిన్) గుర్తు పెట్టుకోదు. 1995 నాటి మూడో వెర్షన్‌లోనూ అంతే. డిలీట్ అని రాగానే సర్వర్ నిజంగానే తీసేస్తుంది, అప్పటిదాకా చదువుతున్నవాడి చేతిలో ఉన్నది ఊడిపోతుంది. అట్టా కాకుండా క్లయింటు వైపు కర్నెల్ ఒక ఉపాయం చేస్తుంది. తన మెషిన్ మీదే ఎవరో తెరిచి ఉంచిన ఫైలుని డిలీట్ చేయమంటే, డిలీట్ చేయకుండా చుక్క ఎన్‌ఎఫ్‌ఎస్ పేరుతో దాన్ని మార్చేస్తుంది. దీన్ని సిల్లీ రీనేమ్ అంటారు. తెరిచినవాడు మూసినప్పుడు కర్నెలే దాన్ని నిజంగా తీసేస్తుంది. నాలుగో వెర్షన్ వచ్చి సర్వర్ లెక్కలు పెట్టుకోవడం మొదలయ్యాక కూడా లినక్స్ క్లయింటు మామూలుగా ఇదే దారిలో పోతుంది.

ఇక ఆ రాత్రులు ఏం జరిగిందో వరసగా కనపడింది. ఆర్‌ఎమ్ ప్రతి ఫైలుకీ సరే అనిపించుకుంది. ఒక ఫైలు మాత్రం పోకుండా పేరు మార్చుకుని అదే ఫోల్డర్‌లో నిలిచింది. చివరి కాల్‌కి 39. కాసేపటికి తెరిచి పెట్టుకున్నవాడు మూసేశాడు, ఆ దాచిన ఫైలు మాయం, పొద్దునకి ఖాళీ ఫోల్డర్. ఆ ఫైలు ఉండగా చేత్తో ఆర్‌ఎమ్ కొడితే 'డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ' అంటుంది, కొట్టి చూశాను కూడా.

ఎవరు తెరిచి పెట్టుకున్నదో ఎల్‌ఎస్‌ఓఎఫ్ లైన్‌లోనే ఉంది. ప్రాసెస్ మా అప్‌లోడర్, ఫైల్ డిస్క్రిప్టర్ '7ఆర్', అంటే ఏడో నంబరు, చదవడానికి. ఇక్కడ ఒక మాట. ఎల్‌ఎస్‌ఓఎఫ్ ఆ ప్రాసెస్ ఉన్న మెషిన్ మీదే కొట్టాలి. స్టోరేజి పెట్టె మీద కొడితే ఏమీ రాదు, అక్కడ ఫైలు తెరిచింది మామూలు ప్రాసెస్ ఏదీ కాదు కదా. చాలామంది అక్కడ కొట్టి, ఎవరూ లేరని నిర్ధారించుకుని డిస్కు మార్చేస్తారు. ఇంకోటి, చుక్క ఎన్‌ఎఫ్‌ఎస్ ఫైలు కనపడిందంటే దాన్ని తెరిచినవాడు డిలీట్ కొట్టిన మెషిన్ మీదే ఉన్నాడని లెక్క. వేరే మెషిన్ మీద తెరిచి ఉంటే ఈ పేరు మార్పు జరగదు, ఫైలు నిజంగానే పోతుంది, అవతల మెషిన్‌లో చదివేవాడికి 'స్టేల్ ఫైల్ హ్యాండిల్' అని వస్తుంది. వెతుకులాట మూడు పెట్టెల నుంచి ఒకదానికి తగ్గించింది ఈ ఒక్క సంగతే.

అప్‌లోడర్ రాత్రి రెండింటికి అక్కడ ఏం చేస్తున్నట్టు? మామూలుగా పదకొండుకల్లా పని అయిపోవాలి. పెద్ద లాట్లు రెండు మూడు ఒకే రోజు దిగినా, సాయంత్రం నెట్ మందగించినా, కరెంటు పోయి రూటరు పడి లేచినా అది రెండు దాటేది. అప్‌లోడ్ స్క్రిప్టూ డిలీట్ స్క్రిప్టూ వేరువేరు కాలాల్లో రాసినవి, ఒకదానికి ఇంకోటి ఉందని తెలియదు. డిలీట్ చేసేది యార్డు టిక్కు ఒక్కటే చూసేది, బ్యాకప్ పూర్తయిందా లేదా అన్నది దాని లెక్కలో లేదు.

అక్కడ నాకు గుండె ఝల్లుమంది. అప్‌లోడర్ చేతిలో తెరిచి ఉన్న ఆ ఒక్క ఫొటోని కర్నెల్ కాపాడింది, సరే. జాబితాలో దాని తర్వాత ఇంకా పంపాల్సినవి ఉన్నాయి కదా, అవి? అప్‌లోడర్ లాగ్ తెరిస్తే ఆ రాత్రులన్నిటిలో ఒకే తీరు. ఒక ఫొటో పూర్తయింది, ఆ తర్వాత వరసగా 'ఫైలు లేదు, వదిలేస్తున్నాం', 'ఫైలు లేదు, వదిలేస్తున్నాం'. చివర 'పని పూర్తి'. అంటే ఫోల్డర్ డిలీట్ కాలేదని మెయిల్ వచ్చిన రాత్రల్లా నిజానికి జరిగింది బ్యాకప్ సగంలో తెగిపోవడం. ఫోల్డర్ మిగిలిపోవడం చిన్న నష్టం. ఆ మెయిల్‌ని డెవ్‌నల్‌లో పోసి ఉంటే, ఫోల్డర్ రెండో ప్రయత్నంలో శుభ్రంగా పోయేది, ఫొటోలు కూడా ఎవరికీ తెలియకుండా పోయేవి. మా ఫ్రెండుకి ఫోన్ చేసి ఇదంతా చెబితే, "నువ్వు అడిగింది ఫోల్డర్ గురించి కదా మామా" అన్నాడు.

పోయిన ఫొటోల్లో కొన్ని యూనిట్ల దగ్గర కెమెరా కార్డుల్లో ఇంకా ఉన్నాయి, అడిగి తెప్పించాం. కార్డులు ఫార్మాట్ చేసేసిన చోట్ల దొరకలేదు.

దీనికి మందు పెద్దదేం కాదు. బ్యాకప్ పూర్తయి, పంపిన ఫొటోల సంఖ్య ఫోల్డర్‌లో ఉన్న సంఖ్యతో సరిపోయాకే లాటుకి రెండో టిక్కు పడుతుంది. డిలీట్ స్క్రిప్టు రెండు టిక్కులూ ఉన్నవాటినే ముట్టుకుంటుంది. పైన ఎఫ్‌లాక్ అనే తాళం కూడా పెట్టాను. అప్‌లోడర్ ఒక లాటు మీద పని చేస్తున్నంతసేపూ తాళం పట్టుకుంటుంది, డిలీట్ స్క్రిప్టు ఆగకుండా ఒకసారి ప్రయత్నించి, తాళం దొరక్కపోతే ఆ లాటుని రేపటికి వదిలేస్తుంది. రెండూ ఒకే మెషిన్ మీద నడుస్తాయి కాబట్టి తాళం ఫైలుని ఎన్‌ఎఫ్‌ఎస్ మీద పెట్టకుండా ఆ మెషిన్ లోకల్ రన్ ఫోల్డర్‌లోనే ఉంచాను. 2.6.12 కర్నెల్ నుంచి ఎన్‌ఎఫ్‌ఎస్ మీద కూడా ఎఫ్‌లాక్ పని చేస్తుంది, కానీ అవసరం లేని చోట నెట్‌వర్క్ తాళాలు ఎందుకు?

అయిపోయిందనుకున్నాం. నెల దాటాక బాబాయ్ నుంచి మళ్లీ ఫోన్: "అబ్బాయ్, మళ్లా మొదలైంది."

లాగ్‌లో అదే 39. ఈసారి మాత్రం చుక్క ఎన్‌ఎఫ్‌ఎస్ లేదు. ఫోల్డర్‌లో ఒక చిన్న జేపెగ్, నలభై కేబీ కూడా లేదు, పొద్దునకి కూడా అది అక్కడే ఉంది. ఎల్‌ఎస్‌ఓఎఫ్‌లో ఎవరూ లేరు. మెసేజి అదే అయినా నేరస్థుడు వేరు. పాత మెయిళ్లు మళ్లీ తీసి చూస్తే, పొద్దున ఖాళీగా కనపడిన ఫోల్డర్లూ, ఒక చిన్న ఫైలు మిగిలిన ఫోల్డర్లూ రెండు రకాలూ మొదటి నుంచీ ఉన్నాయి. రెండిటినీ ఒకే రోగం కింద కట్టేశాం అందరం.

చిన్న జేపెగ్ అంటే థంబ్‌నెయిల్, పేజీలో చూపించే చిన్న సైజు ఫొటో. స్టాట్‌లో ఫైలు ఓనర్ యూఐడీ (యూజర్ నంబరు) వెబ్ మెషిన్‌లో కేటలాగ్ నడిపే యూజర్‌ది. అంటే రాత్రి రెండింటికి ఎవరో ఆ లాటు పేజీ తెరిచారు. మన రెండు గంటలంటే అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం మూడున్నర, నాలుగున్నర మధ్య, వాళ్లు ఆఫీసుల్లో ఉండే టైము. థంబ్‌నెయిళ్లను మా కేటలాగ్ ముందే తయారు చేసి పెట్టదు. ఎవరైనా పేజీ తెరిస్తే అప్పుడు చేసి అదే ఫోల్డర్‌లో దాస్తుంది. ఆర్‌ఎమ్ జాబితా తెచ్చుకున్నాక, చివరి కాల్‌కి ముందు, ఆ సందులో ఒక థంబ్‌నెయిల్ వచ్చి పడింది.

అనుమానం తీర్చుకోవడానికి, ఫోల్డర్‌లో జరిగేవి ఎప్పటికప్పుడు చెప్పే ఐనోటిఫైవెయిట్ పెట్టాను. ఇది ఎక్కడ పెట్టాలన్నది కూడా తెలిసి ఉండాలి. ప్రాసెసింగ్ మెషిన్ మీద పెడితే ఆ మెషిన్ మీద జరిగినవి మాత్రమే కనపడతాయి, వెబ్ మెషిన్ ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా పెట్టిన ఫైలు గురించి దానికి కబురు రాదు. స్టోరేజి పెట్టె మీద, అసలు డిస్కు మీద పెడితే రెండు వైపుల నుంచి వచ్చేవీ కనపడతాయి. ఎవరు చేశారో మాత్రం ఐనోటిఫై చెప్పదు, ఏం జరిగింది, ఏ పేరు అన్నదే చెబుతుంది. మాకు అది చాలు. వరసగా డిలీట్, డిలీట్, డిలీట్, మధ్యలో ఒక క్రియేట్, మళ్లీ డిలీట్లు. క్రియేట్ పడిన సెకనూ వెబ్ యాక్సెస్ లాగ్‌లో ఆ లాటు పేజీకి వచ్చిన రిక్వెస్టు సెకనూ ఒకటే.

ఈ రెండోదానికి తాళాలు నాకు నచ్చలేదు. పేజీ చూసే ప్రతివాడూ తాళం అడగడం ఏంది? దానికన్నా పాత పద్ధతి ఉంది. ఫోల్డర్‌ని ఉన్నచోట డిలీట్ చేయకుండా, ముందు అదే ఫైల్‌సిస్టమ్ మీద ఉన్న చెత్త ఫోల్డర్‌లోకి ఎంవీ చేయడం, అంటే జరపడం. ఒకే ఫైల్‌సిస్టమ్ లోపల రీనేమ్ ఒకే దెబ్బకి జరుగుతుంది, సగం సగం ఉండదు. పేరు ఆ క్షణమే పోతుంది, కేటలాగ్‌లో లాటు ఆ క్షణమే మాయమవుతుంది. లోపలివి తీరిగ్గా తీసేసుకోవచ్చు. వేరే డిస్కులోకి ఎంవీ చేస్తే మాత్రం అది కాపీ చేసి తీసేయడమే, కథ మొదటికొస్తుంది.

దీనికీ రెండు మెలికలున్నాయి. మొదటిది మా కేటలాగ్ కోడ్‌లోది. థంబ్‌నెయిల్ రాసే ముందు ఫోల్డర్ లేకపోతే తయారు చేసుకునే లైను ఒకటి అందులో ఉంది. ఎప్పుడో ఎవరో ముందు జాగ్రత్తకి రాసిన లైను. లాటుని చెత్తలోకి తోసిన మరుసటి సెకనులో ఎవరైనా పేజీ తెరిస్తే ఈ లైను పాత పేరుతో కొత్త ఫోల్డర్ పుట్టిస్తుంది, అమ్ముడుపోయిన రాయి మళ్లీ ప్రత్యక్షం. ఆ లైను తీసేశాను. ఫోల్డర్ లేకపోతే థంబ్‌నెయిల్ రాయొద్దు, లాటు లేదని చెప్పు.

రెండోది ఎన్‌ఎఫ్‌ఎస్ క్యాష్. క్లయింటు ఫోల్డర్ల వివరాలను కొంతసేపు తన దగ్గరే గుర్తు పెట్టుకుంటుంది. డిఫాల్ట్‌గా కనీసం 30 సెకన్లు, గరిష్ఠం 60. పైగా ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఫైలు సృష్టించమని అడిగేటప్పుడు పూర్తి దారి పంపరు, ఫోల్డర్ హ్యాండిల్‌నీ (సర్వర్ ఆ ఫోల్డర్‌కి ఇచ్చిన గుర్తు) ఫైలు పేరునీ పంపుతారు. ఫోల్డర్ పేరు మారినా హ్యాండిల్ మారదు. అందుకని వెబ్ మెషిన్‌కి పేరు మారిన సంగతి తెలిసేలోపు రాసిన థంబ్‌నెయిల్ నేరుగా చెత్తలోకి పోయిన ఫోల్డర్‌లోనే పడొచ్చు. ఎంవీ చేసిన వెంటనే ఆర్‌ఎమ్ కొడితే అదే 39 అక్కడ రావచ్చు. అందుకని తొందరపడలేదు. ఈ రాత్రి చెత్తలోకి తోసినవాటిని రేపు రాత్రి డిలీట్ చేస్తుంది స్క్రిప్టు. మధ్యలో ఒక పూర్తి రోజు ఉంటే ఏ క్యాషూ మిగలదు. ఇంకో లాభం కూడా ఉంది: పొరపాటున టిక్కు పెట్టిన లాటుని బాబాయ్ మర్నాడు ఫోన్ చేసి వెనక్కి తెప్పించుకోవచ్చు. ఇప్పటికే ఆ పని చేయించుకున్నాడు.

రీట్రై ఎక్కడా పెట్టలేదు. ఫెయిల్ అయితే లాగ్ పట్టే ఆ నాలుగు లైన్లు మాత్రం తీసేయలేదు, అలాగే ఉన్నాయి.

ఒకటి మిగిలింది. ప్రాసెసింగ్ మెషిన్ యూపీఎస్ బ్యాటరీ అయిపోయి ఒక్కసారిగా పడిపోతే, అప్పటికి తెరిచి ఉన్న చుక్క ఎన్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లను తీసేయాల్సిన కర్నెలే ఉండదు, అవి అనాథల్లాగా స్టోరేజిలో మిగిలిపోతాయి. మళ్లీ లేచిన మెషిన్‌కి వాటి సంగతి గుర్తుండదు. పాత సొలారిస్ యంత్రాల్లో వీటిని ఏరడానికే ఎన్‌ఎఫ్‌ఎస్‌ఫైండ్ అనే స్క్రిప్టు ఉండేది. మేమూ స్టోరేజి పెట్టె మీద ఆదివారం ఆదివారం ఫైండ్ ఒకటి నడిపిస్తున్నాం, ఆ పేరుతో మొదలై వారం రోజులుగా ఎవరూ ముట్టుకోనివి తీసేస్తుంది. మొన్నటి గాలివానకి కరెంటు పోయినప్పటివి రెండు దొరికాయి.